కరెంటు పోతే పట్టుకునేది

కరెంటు పోతే మెషీను వదిలేస్తుందని మీకెవరు చెప్పారు?

చేతులెత్తక్కర్లేదు, నోరు తెరిచి చెప్పండి. ఎర్ర బటను నొక్కాం, దీపం ఆరింది, ఇక చెయ్యి పెట్టొచ్చు అని రోజూ లోపల చెయ్యి పెట్టేవాళ్ళు ఈ యూనియన్ హాల్లో సగానికి సగం ఉన్నారు. ఆ నమ్మకం ఎక్కడిది? మేస్త్రీ చెప్పాడా? ఓనరు చెప్పాడా? మా మిల్లులో పనిచేసే యోవానాకి కూడా వాళ్ళే చెప్పారు.

మా ఉన్ని మిల్లు ఎల్ ఆల్టో ఊళ్ళో, విమానాలు దిగే మైదానం వెనకాల ఉంది. మీలో చాలామంది దాని రేకుల కప్పు చూసే ఉంటారు. గాలి లేచినప్పుడల్లా ఆ రేకులు పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తాయి. లోపల ఎప్పుడూ తడి గొర్రె వాసన, దాని మీద కిరోసిన్ వాసన, పొద్దుటిపూట అయితే ఆడవాళ్ళు తెచ్చుకున్న ఊదారంగు మొక్కజొన్న గంజి వాసన. పగలు నేను అక్కడ కరెంటు పనికి సహాయకురాలిని, సాయంత్రం కాలేజీ. కాలేజీ సభల్లో నోరు పారేసుకుంటానని మిల్లులో నా పేరు నెల్వా తీసేసి "లాయరు" అని పెట్టారు.

మా మిల్లులో కంబళ్ళకి ఉన్ని చీల్చే మెషీను ఒకటుంది. ఉన్ని పనివాళ్ళు దాన్ని దియాబ్లో అంటారు, సైతాను అని. ఆ పేరు మేం పెట్టింది కాదు, మా తాతల నాటిది. పీపా అంత ఇనప డ్రమ్ము, దాని ఒంటి నిండా వేలెడంత పళ్ళు. దాని ముందు చెరుకు రసం బండికి ఉన్నట్టు రెండు గాడి రోలర్లు. రోలర్లు ఉన్నిని లోపలికి లాగి అందిస్తాయి, డ్రమ్ము చీలుస్తుంది. మోటారు ఆపేసినా డ్రమ్ము వెంటనే ఆగదు. ఒక పాట పాడుకునేంతసేపు తనంతట తనే తిరుగుతుంది, అంత బరువు దానిది. రోలర్లు తిరిగేది కూడా ఆ డ్రమ్ము బలంతోనే. ఆ రెంటినీ కలిపేది, విడదీసేది మధ్యలో ఉన్న క్లచ్. అది విద్యుత్తుతో అయస్కాంతమయ్యే క్లచ్.

దీంట్లో రకాలున్నాయి, వినండి, బతుకులు దీని మీదే ఆధారపడి ఉన్నాయి. మామూలు ప్లేటు రకం కరెంటు ఇస్తే పట్టుకుంటుంది, తీస్తే వదిలేస్తుంది. మీసాల కుర్రాడి ప్రేమలాగ, మనం చూస్తున్నంతసేపే. పళ్ళ రకం కుక్కలాగ, ఒకసారి కరిచిందంటే జారదు. ఇనప పొడి రకం ఉంది, తడి ఇసుకలా షాఫ్టు చుట్టూ మెల్లగా బిగుస్తుంది. నూనెలో మునిగిన బోలెడు పలచని ప్లేట్ల రకం ఇంకొకటి. ఇవన్నీ కరెంటు పోతే వదిలేసేవే. వీటికి పూర్తిగా తిరగేసిన రకం ఒకటుంది. దాని కడుపులోనే శాశ్వతమైన అయస్కాంతం ఉంటుంది. అది ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. వదలాలంటే దానికి కరెంటు ఇవ్వాలి. కరెంటు పోయిందా, పట్టుకుంటుంది.

మా దియాబ్లోకి మొదటి నుంచీ మామూలు ప్లేటు రకమే. అది కాలిపోయింది. ఒక ఆదివారం మా మేస్త్రీ వాల్టర్ ఇరుస్తా ఒరూరో వైపు మూతపడ్డ మిల్లు నుంచి ఒక క్లచ్ లారీ మీద తెచ్చి, ఎవర్నీ పిలవకుండా తనే బిగించేశాడు. వైర్లు అటూ ఇటూ మార్చాడు. ఆకుపచ్చ బటను నొక్కితే రోలర్లు తిరిగాయి, ఎర్రది నొక్కితే ఆగాయి. ఇంకేం కావాలి? అదే లారీలో ఒక గోతం నిండా ఏప్రన్లు కూడా వచ్చాయి, పాత మిల్లువి. సోమవారం మా అందరికీ తలా ఒకటి పంచాడు.

"ఇదేంటి మేస్త్రీ, చచ్చినోళ్ళ బట్టల్లా ఉన్నాయి?" అంది యోవానా టికోనా. తనది జేబు చిరిగి ఎర్ర దారంతో కుట్టి ఉంది.

"కొత్తది కావాలంటే పెళ్ళి చేసుకో," అన్నాడు ఇరుస్తా.

"చేసుకున్నాగా! వాడూ సెకండ్ హ్యాండే!"

మిల్లంతా పడీపడీ నవ్వింది. యోవానా అంతే. ఒడిలో ఎనిమిది నెలల పాప, నోట్లో ఎప్పుడూ ఒక వేళాకోళం. మోకాళ్ళ దాకా రెండు జడలు, చివర గోధుమరంగు ఉన్ని కుచ్చులు.

ఆ వారంలోనే కరెంటు పోయింది. మా దగ్గర అదేం వింత కాదు. లైట్లు ఆరాయి, మోటారు మూలిగి ఆగింది. చీకట్లో డ్రమ్ము ఒక్కటే హూంమని తిరుగుతోంది. రోలర్ల మధ్య ఉన్ని ముద్ద గట్టిగా ఇరుక్కుని అవి తిరగలేక ఆగి ఉన్నాయి. కరెంటు లేదు కదా అని యోవానా వంగి దాన్ని పీకబోయింది, ముద్ద కాస్త ఊడింది.

క్లచ్ పట్టుకుంది.

ముందు శాలువా అంచు వెళ్ళింది. తర్వాత ఎడమ చేతి వేళ్ళు. తను వెనక్కి గుంజుకుంటుంటే ఒక జడ ముందుకు జారి రోలర్ల మధ్య పడింది. తల ఇనుముకి కొట్టుకున్న చప్పుడు నేను విన్నాను. కొబ్బరికాయ చప్పుడు. పరిగెత్తాను. గొర్రెల కత్తెర అందుకుని జడని మొదట్లో కోశాను. తల చర్మం ముక్క ఒకటి జడతో పాటే పోయింది. డ్రమ్ము దాన్ని అందుకుని చీల్చింది. నల్లటి వెంట్రుకలు తెల్లటి ఉన్నితో కలిసి అవతలి పక్క మెత్తగా, మబ్బులా వచ్చి పడ్డాయి.

యోవానా అరవలేదు. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు.

క్లచ్ మూత విప్పి చూస్తే అప్పుడు తెలిసింది నాకు, అది ఆ తిరగేసిన రకమని. ఇరుస్తా కాలరు పట్టుకున్నాను. "నోటీసు ఇప్పిస్తా నీకు," అన్నాడు. "ఇప్పించు," అన్నాను.

ఆసుపత్రి వాళ్ళు వేళ్ళు కుట్టారు, తలకి కట్టు కట్టారు, ఇంటికి పంపారు. మనిషి మాత్రం రాలేదు. అన్నం లేదు, మాట లేదు. పాపని రొమ్ము దగ్గర పెడితే తాగుతుంది, తల్లి మాత్రం గోడని చూస్తుంది. ఒళ్ళు రోజురోజుకీ కరిగిపోతోంది. డాక్టరు స్కానింగులు చూసి, "అంతా బాగానే ఉంది, తినిపించండి," అన్నాడు. ఎవరికి తినిపించాలి? అక్కడ తినేవాళ్ళేరి?

యోవానా వాళ్ళమ్మ సతుర్నీనా అత్త ఒక్క చూపులో చెప్పేసింది. "దీని అజాయు, దీని ప్రాణం, అక్కడే ఉండిపోయింది. ఒళ్ళు ఒక్కటే ఇంటికొచ్చింది. పిలవకపోతే ఇది నెల తిరక్కుండా పోతుంది."

మీకు చెప్పక్కర్లేదు, మీ ఇళ్ళలోనూ పిలిచే ఉంటారు. భయపడ్డ చోటికి వెళ్ళాలి. భయపడ్డప్పుడు ఒంటి మీదున్న బట్ట పట్టుకుని పేరు పెట్టి పిలవాలి. ప్రాణం వస్తే ఆ బట్ట బరువెక్కుతుంది. ఇక వెనక్కి చూడకుండా, పిలవడం ఆపకుండా ఇంటిదాకా నడవాలి. నేను ఇవన్నీ నమ్మేదాన్నా? కాలేజీలో దీని మీద వాదన పెడితే ఎదుటిపక్షం నేనే. కానీ యోవానా చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, తోలు సంచిలా ఉంది. వాదన ఎవరితో చెయ్యను?

శుక్రవారం, పని వదిలాక అత్తా నేనూ మిల్లుకి వెళ్ళాం. ఇంకా పొద్దు గుంకలేదు కానీ కొండల మీంచి వడగళ్ళ మబ్బు దిగి మిల్లులో అంతా బూడిదరంగు. ఇరుస్తా గుమ్మంలో కాపలా ఉన్నాడు. లేబర్ ఆఫీసు వాళ్ళకి చెప్పకుండా ఉంటే రానిస్తానని ఒప్పుకున్నాడు.

"తొందరగా కానివ్వండి. మెయిన్ తీసేశా, భయం లేదు."

"తీసేస్తేనే భయం మేస్త్రీ," అన్నాను. "నీకింకా ఎక్కలేదా?"

"లాయరూ, ఇది కోర్టు కాదు."

అయినా మెయిన్ పెట్టెకి నా తాళం నేను వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. మోటారుకి కరెంటు వెళ్ళే దారి ఇంకొకటి లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

అత్త దియాబ్లో ముందు కూర్చుంది. పక్కనే కాల్చిన మూలికల పొగ, నాలుగు మూలలా చల్లిన సారాయి, పంచదార బిళ్ళలు. మెషీను మేకుకి వేలాడుతున్న యోవానా ఏప్రన్ తీసి ఒళ్ళో పరుచుకుంది. ఎర్ర దారం జేబు పైకి కనబడింది.

ఇరుస్తా మొహం మారింది. "అది వద్దమ్మా. వేరే బట్టేదైనా తెచ్చుకో."

"భయపడ్డప్పుడు ఒంటి మీదున్నది ఇదే కదయ్యా?"

"ఇదే... కానీ..."

"ఇంకేం మరి?"

అత్త కళ్ళు మూసుకుంది.

"యోవానా... రా తల్లీ. పాప ఏడుస్తోంది. ఇక్కడేం పని నీకు? రా, ఇంటికి పోదాం."

వడగళ్ళు మొదలయ్యాయి. రేకుల మీద మేకులు గుమ్మరించినట్టు. అత్త పిలుస్తూనే ఉంది. చలికి నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఏప్రన్ ఆవిడ చేతుల్లో ఊరికే గుడ్డలా వేలాడుతోంది.

"వస్తానంటోంది, రాలేకపోతోంది," అంది అత్త కాసేపటికి. "ఏదో పట్టుకుంది. నెల్వా, నువ్వు చదువుకున్నదానివి. ఈ ఇనుము ఎప్పుడు వదులుతుంది?"

నేను ఏం చెప్పాలి? ఉన్నదే చెప్పాను. "ఇది తిరగేసిన రకం అత్తా. కరెంటు ఇస్తేనే వదులుతుంది. ఇప్పుడు, ఈ క్షణం, పట్టుకునే ఉంది."

"అయితే ఇవ్వు."

"వద్దు!" ఇరుస్తా గొంతు చీలింది. "దానికి ఇవ్వద్దు. మెషీను ఖాళీగా ఉన్నప్పుడు క్లచ్‌ని తెరవకూడదు."

"ఖాళీగా ఉందని నువ్వెలా అంటావ్?" అన్నాను. "ఎందుకు తెరవకూడదు? రోజంతా ఎర్ర బటను నొక్కి తెరుస్తూనే ఉన్నాం కదా!"

"ఉన్ని ఉంటుందిగా మధ్యలో. ఏదో ఒకటి ఉంటుంది. వట్టి రోలర్లతో ఎప్పుడూ... అక్కడ విప్పినప్పుడు కూడా మేం కరెంటు ఇవ్వలేదు. పట్టుకున్నది పట్టుకున్నట్టే విప్పి బండెక్కించాం."

"మేమా? నువ్వు ఆ మిల్లులో పనిచేశావా?"

ఇరుస్తా గుమ్మం వైపు చూశాడు. వడగళ్ళ చప్పుడు.

"నా బిడ్డ అందులో ఉంది," అంది సతుర్నీనా అత్త మెల్లగా. "ఇవ్వవే నెల్వా."

బయట లారీ నుంచి రెండు బ్యాటరీలు మోసుకొచ్చాను. క్లచ్ కాయిల్‌కి అవి చాలు. ఒక వైరు చుట్టాను. రెండోది ఆనించాను.

టక్.

చిన్న చప్పుడే. గొళ్ళెం తీసినట్టు. రోలర్లు ఒక్కసారి వదులై కదిలాయి. మాడిన వెంట్రుకల వాసన గుప్పుమంది. ముక్కు మూసుకోబోతుంటే అత్త చేతులు కిందికి కుంగిపోవడం చూశాను. ఏప్రన్‌లో రాళ్ళు పోసినట్టు.

"వచ్చింది..." అని గొణిగింది. రెండు చేతులతో గుండెకి హత్తుకుని లేచింది. వెనక్కి తిరగలేదు. "రా తల్లీ, పోదాం. రా తల్లీ, పోదాం." అలా అంటూనే గుమ్మం వైపు నడిచింది.

నేనూ వెళ్ళిపోవాల్సింది. కానీ రోలర్లు ఆగలేదు.

వెనక్కి తిరుగుతున్నాయి. చాలా మెల్లగా, ఎవరో చేత్తో తిప్పుతున్నట్టు. వాటి మధ్య నుంచి వెంట్రుకలు వస్తున్నాయి. జడ. యోవానాది అనుకున్నాను. యోవానాది నల్లటి జడ, డ్రమ్ము తినేసింది కూడా. ఇది నెరిసిన జడ. తడిగా ఉంది. వస్తోంది... ఇంకా వస్తోంది... నేల మీద చుట్టలు చుట్టుకుంటోంది.

"డెల్ఫీనా," అన్నాడు ఇరుస్తా.

గుసగుసలాగే అన్నాడు. తర్వాత అరిచాడు. "మూసెయ్! మళ్ళీ మూసెయ్ దాన్ని!" నన్ను ఒక్క తోపు తోసి, వంగి, బ్యాటరీ వైరు పీకేశాడు.

కరెంటు పోయింది.

పట్టుకుంది.

ఆయన్నే పట్టుకుంది. వైరు పీకిన చెయ్యి రోలర్ల పక్కనే ఉంది, కోటు చేతి అంచు లోపలికి వెళ్ళింది. రోలర్లు ఇప్పుడు ముందుకి తిరుగుతున్నాయి. డ్రమ్ము కదలడం మొదలైంది. మోటారు లేకుండా. కరెంటు లేకుండా. నా తాళంచెవి నా జేబులో ఉండగా.

వేళ్ళు విరిగిన చప్పుడు పచ్చి కట్టెలు విరిచినట్టుంది. ఒక్కొక్కటీ వినబడింది. నేను వైరు తీసుకుని మళ్ళీ ఆనించాను. టక్. ప్లేటు విడిపోయింది, నా చెవులతో విన్నాను. విడిపోతే రోలర్లు ఆగాలి. ఏ పుస్తకమైనా అదే చెబుతుంది.

ఆగలేదు.

"నేను వినలేదు డెల్ఫీనా! చప్పుడులో నీ కేక నాకు వినబడలేదు!" ఆయన మోచెయ్యి వెళ్ళింది. "విన్నాను... విన్నాను, వదిలెయ్... లైను ఆపితే ఓనరు..."

మాట పూర్తి కాలేదు. డ్రమ్ము పళ్ళకి చెయ్యి అందింది. అవతలి పక్కనుంచి ఉన్ని వచ్చే చోట ఎర్రటిది వచ్చింది. మెత్తగా. దువ్వినట్టు. గోడ మీద, నా మొహం మీద, నోట్లో వేడిగా ఉప్పగా పడింది. ఆయన బెల్టు పట్టుకుని కాళ్ళు మెషీనుకి తన్నిపెట్టి లాగాను. ఆ అరుపు మనిషిది కాదు. లాగాను... లాగాను... ఒక్కసారిగా బరువు తగ్గింది. వెల్లకిలా పడ్డాను, ఆయన నా మీద పడ్డాడు.

ఆయన మొత్తం కాదు. భుజం నుంచి మెడ దాకా లేదు.

డ్రమ్ము ఆగింది. తనంతట తనే, ఊపు లేకుండా, బ్రేకు వేసినట్టు ఆగింది. నేల మీద జడ లేదు. దూరంగా, వడగళ్ళ వానలో, అత్త గొంతు ఒకటే వినబడుతోంది. "రా తల్లీ, పోదాం. రా తల్లీ, పోదాం." అంత కేకకి కూడా ఆవిడ వెనక్కి చూడలేదు. నాకు ఆవిడంటే ఇప్పటికీ భయం, భక్తి.

పోలీసులు ఇరుస్తా చావుని ప్రమాదం అని రాసుకున్నారు. డ్రమ్ము పాత ఊపు మీద తిరిగి ఉంటుంది అన్నారు. పని ఆపి అప్పటికి ఎంతసేపైందో అడగమన్నాను. "నువ్వు లాయరువా?" అన్నాడు ఒకడు.

యోవానా మాత్రం లేచి కూర్చుంది. అబద్ధం చెప్పను, లేచి కూర్చుంది! అత్త ఆ ఏప్రన్ మీద కప్పగానే నిట్టూర్చి, కళ్ళు తిప్పి, బంగాళాదుంపల పులుసు కావాలంది. పాపని ముద్దులతో ముంచింది. మర్నాడు నేను వెళ్తే, "ఒసేయ్ లాయరూ, నా జడ కోసినందుకు నీకు గుండు కొట్టిస్తా ఉండు," అంది. అదే నవ్వు. అదే మనిషి. ఆ ఏప్రన్‌ని నేనే పెరట్లో కాల్చేశాను. మనం గెలిచాం అనుకున్నాను.

తర్వాత ఒక సాయంత్రం మంచం మీద తన పక్కనే కూర్చుని ఉన్నాను. మంచి చేత్తో నా మణికట్టు పట్టుకుని, మిల్లు కబుర్లు అడుగుతూ నవ్విస్తోంది. కరెంటు పోయింది.

వేళ్ళు బిగుసుకున్నాయి.

మొదట వేళాకోళం అనుకున్నాను. "వదలవే," అన్నాను. బిగిసింది. ఇంకా బిగిసింది. ఎముక కదిలింది. చీకట్లో తన ఊపిరి నా చెవి దగ్గర వణుకుతోంది.

"నేను కాదే నెల్వా," అంది గుసగుసగా. ఏడుస్తోంది. "నేను ఎప్పుడో వదిలేశాను. నా వేళ్ళ మీద ఎవరో వేళ్ళు పెట్టి పట్టుకున్నారు..."

ఎముక విరిగాక కరెంటు వచ్చింది. లైటు వెలగగానే వేళ్ళు విచ్చుకున్నాయి. ఈ కట్టు మీరందరూ చూస్తూనే ఉన్నారు. మెట్ల మీంచి పడ్డానని చెప్పాను ఇన్నాళ్ళూ. పడలేదు.

పాపని దూరంగా ఉంచొచ్చుగా అంటారు. ఉంచాం. పాలు పట్టేటప్పుడు తప్ప తల్లి దగ్గర ఉంచడం లేదు. మొన్న కరెంటు పోయినప్పుడు పాప పక్కింట్లో, అత్త ఒళ్ళో నిద్రపోతోంది. యోవానా ఇంట్లో నా కళ్ళ ముందు, రెండు చేతులూ మంచానికి కట్టించుకుని ఉంది. తనే కట్టమంది. దీపాలు వచ్చాక పక్కింట్లోంచి ఏడుపు విని పరిగెత్తాం. పాప కాలి మడమ పైన, చుట్టూరా, వేళ్ళ గుర్తులు. ఎర్రగా, లోతుగా. నేను కొలిచి చూశాను. అవి యోవానా వేళ్ళు కావు. యోవానా చెయ్యి చిన్నది. ఆ పాత మిల్లులో ఆ ఏప్రన్ తొడుక్కున్నది డెల్ఫీనాయే అయ్యుంటుంది, ఆమె కూడా దాంతోనే వచ్చింది.

రేపు యోవానా వాళ్ళ వీధిలో లైను మార్చడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు తీస్తామని నోటీసు అంటించారు. ఒక రోజంతా. నమ్మేవాళ్ళు నమ్మండి, నవ్వేవాళ్ళు దారిలో నవ్వుకోండి. కానీ ఇప్పుడే లేవండి. నాతో కరెంటు ఆఫీసుకి రండి, ఎంతమంది ఉంటే అంతమందీ, గేటు ముందు కూర్చుందాం. వాళ్ళని ఆ స్విచ్చు తియ్యనివ్వకండి.